మా గల్లీకి వీఐపీ వచ్చిన రోజు

పొద్దున పాలు తెద్దామని కిందికి దిగి, గేటు తెరిచి అక్కడే ఆగిపోయాను. రోడ్డుకు రెండు అంచుల వెంట బ్లీచింగ్ పౌడర్‌తో తెల్లటి గీతలు తిన్నగా వేసి ఉన్నాయి. మా గల్లీలో! బోయిగూడలో మా గల్లీ ఎంతటిదంటే ఎదురుగా ఆటో వస్తే మనిషి గోడకు అతుక్కుపోవాలి. అలాంటి చోట ఒక్క కవరు లేదు, ఒక్క టీ కప్పు లేదు, కరెంటు స్తంభం కింద ఎప్పుడూ ఉండే చెత్త కుప్ప కూడా లేదు. నీళ్లు కొట్టి కడిగినట్టున్నారు, సిమెంటు ఇంకా తడిగానే ఉంది.

ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ గీతల అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. మంత్రి వచ్చినా, పెద్దాఫీసరు వచ్చినా బల్దియా, అంటే మున్సిపాలిటీ వాళ్లు ముందు రోడ్డు ఊడ్చి, అంచుల వెంట ఆ పొడి గీస్తారు. ఇన్నేళ్లలో ఆ గీతలు మెయిన్ రోడ్డు మీదుగా సాగి, మా మలుపును పట్టించుకోకుండా వెళ్లిపోవడమే చూశాను. లోపలికి తిరగడం ఇదే మొదటిసారి. పాల సంగతి మరిచిపోయి పైకి పరిగెత్తాను.

"అత్తయ్యా, మన గల్లీకి ఎవరో వీఐపీ వస్తున్నారు!"

మా అత్తయ్యది విజయనగరం వైపు. మామయ్య ఉద్యోగంతో ఈ ఊరొచ్చి సగం జీవితం గడిపినా ఆవిడ మాటకు మాత్రం ఇక్కడి నీళ్లు పట్టలేదు. అంతకు కొన్ని నెలల ముందు ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని, తర్వాత తనను అడిగి లాభం లేదని డాక్టరు తెగేసి చెప్పాడు. నడవడానికి చోటేది? గల్లీలోకి దింపిన మూడో రోజే ఎవరో పారేసిన అరటి తొక్క మీద కాలు జారబోయింది. నేను పట్టుకున్నాను గనక సరిపోయింది. ఆ భయంతో ఆవిడ మళ్లీ మెట్లు దిగలేదు. గల్లీ చివర బల్దియా వాళ్ల చిన్న పార్కు ఉంది, చుట్టూ నడిచే బాట కూడా ఉంది. కానీ చాలాకాలంగా దాని గేటుకు తాళం. ఎవరు వేశారో, ఎందుకు వేశారో కనుక్కుందామని మాలో ఒక్కరికీ తోచలేదు. అత్తయ్య బాల్కనీలో కూర్చుని ఆ గేటునే చూసేది. కాలు రోజురోజుకూ మొండికేస్తోంది.

అందుకే నా మాట పూర్తి కాకుండానే ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. "మంత్రయితే ఏటి, ఇంకొకరయితే ఏటి! పార్కు తాళం తీయించమని అడిగేస్తాను. నా పట్టుచీర తియ్యి."

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు అప్పటికే మోగిపోతోంది. కింది ఇంట్లో ఉండే రైల్వే రిటైర్డు పెద్దాయన, వచ్చేది కచ్చితంగా కేంద్రమంత్రేనని, తనకు స్టేషన్ నుంచి కబురుందని రాశాడు. అందరూ మంత్రి అంటుంటే ఉలిపికట్టెదొక దారి అన్నట్టు మా కిరాణా షాపు ఆయన మాత్రం, సినిమా షూటింగు, హీరోయిన్ వస్తోందన్నాడు. ఆ మాట మీద ఎందరు మగవాళ్లు గడ్డం గీసుకున్నారో నేను లెక్క చూడలేదు గానీ, బాత్రూముల్లో నీళ్ల చప్పుడు బాగానే వినిపించింది.

ఆ పూట మా గల్లీ బుద్ధిగా ఉండటం చూసి తీరాల్సిందే. పై అంతస్తు ఆవిడ రోజూ కిటికీలోంచి చెత్త కవరును బంతిలా విసురుతుంది. అలాంటిది ఆరోజు కవరు పట్టుకుని కిందికొచ్చి, తెల్ల గీత చూసి, మళ్లీ పైకి తీసుకుపోయింది. పాన్ నమిలే కుర్రాళ్లు ఉమ్మి మింగారో ఏం చేశారో, గోడలు శుభ్రంగా ఉన్నాయి. గేటు ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పడ్డాయి. నేను కేసరిబాత్ చేశాను. ఉత్సాహంలో చక్కెర రెండుసార్లు వేశాను. అత్తయ్య బీరువా వెతికించి, మామయ్య పదవీ విరమణ రోజున ఎవరో కప్పిన శాలువా తీయించింది. కవరు కూడా విప్పని శాలువా.

పది దాటాక మలుపు అవతల డప్పులు మోగాయి. ఇళ్లలోంచి అందరూ ఒక్కసారిగా బయటికి ఉరికారు. అత్తయ్య రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. పళ్లు బిగబట్టి దిగిందే తప్ప నా చెయ్యి అడగలేదు. అది చూసి నాకు మంత్రి రాకపోయినా పరవాలేదనిపించింది.

వచ్చింది చెత్త ఆటో. దానికి బంతిపూల దండలు కట్టారు. వెనక బల్దియా జాకెట్లు వేసుకున్న ఆడవాళ్లూ మగవాళ్లూ డప్పు కొడుతూ, ఎగురుతూ వస్తున్నారు. ఆటో ముందు సీటులోంచి దిగింది మా గల్లీ ఊడ్చే మనిషే. కొత్త ఎర్రచీర, మెడలో దండ. రైల్వే పెద్దాయన మడమలెత్తి ఆటో వెనక్కి తొంగి చూశాడు. "కారేదయ్యా?"

వాళ్ల మీద అజమాయిషీ చేసే జవాను నవ్వాడు. "ఏం కారు సార్? ఇయ్యాల మా అక్క రిటైర్మెంటు. ఇన్నేండ్లసంది ఈ గల్లీ ఊడ్సింది. ఆఖరి దినం సుత చీపురు పట్టుడేందని మేమే చీకట్ల వచ్చి ఊడ్సినం. గీతలు గూడ మేమే కొట్టినం. మంత్రులకేనా గీతలు?"

ముందుగా కిరాణా ఆయన పకపకా నవ్వాడు, తర్వాత గల్లీ అంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. కుర్చీల్ని, పట్టుచీరల్ని చూసింది.

"ఏందీ, అందరు గిట్ల తయారైన్రు? మంత్రొస్తడనుకున్నరా? నేనూడ్సుకుంట ఆ మలుపు తిరగంగనే ఎన్క ధబ్బుమని కవర్ పడుతుండె. ఇయ్యాల పదయినా ఒక్కటి పడలే. అంటే మీకు చాతనైతది! నేను పరేషానయితుంటే ఎన్నడన్న ఒక్క దినం గిట్ల ఉంచిన్రా?"

పై అంతస్తు ఆవిడ కొంగు సర్దుకుంది. మా అందరి తలలూ ఎవరో నొక్కినట్టు వంగాయి.

ఒక్క అత్తయ్య తలే వంగలేదు. శాలువా కవరు చించి, నెమ్మదిగా వెళ్లి ఆమె భుజాల మీద కప్పింది. "ఇంత కష్టపడి మెట్లు దిగాను, అడక్కుండా ఎక్కనమ్మా. ఆ పార్కుకి తాళం ఎవరేసినారో నీకేటైనా తెలుసేటి?"

"నేనే ఏసిన."

"నువ్వా!"

"కిటికీలకెల్లి కవర్లన్నీ అండ్లనే ఇసురుతుండిరి. తక్లీఫ్ పడలేక సాఫ్ చేసి తాళమేసిన. మా చీపుర్లు, బండి అండ్లనే ఉంటయ్, పొద్దుగాల చీకట్ల తీసి చీకటి పడ్డంక పెడ్తం." చీర చెంగు ముడి విప్పింది. అందులో తాళం చెవి.

రోజూ మా ఇంటి ముందే, ఆ చెవి కొంగున కట్టుకుని ఊడ్చిందన్నమాట. అత్తయ్య బాల్కనీలోంచి ఆమెతో "అదిగో, ఆ మూల ఆకు వదిలేశావు" అనడం తప్ప వేరే మాట మాట్లాడి ఉండదు. ఆవిడ ఆ చెవినే చూస్తూ, కుంటుతూ ఒక అడుగు ముందుకేసింది.

"జెర కాలు సూపియ్యి అమ్మా," అంది ఆమె. అత్తయ్య చీర కొంచెం ఎత్తి ఆపరేషన్ గీత చూపించింది. ఆమె చూసి, చెవి అత్తయ్య చేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "ఉంచుకో. ఒక్క కవర్ పడ్డా మల్ల తాళమేసెయ్."

"అక్కా, గట్లెట్ల ఇస్తవ్? ఆఫీసుల అప్పజెప్పాలె గద!" జవాను కంగారుపడ్డాడు.

"నీకు చీపురు పట్టుడు నేర్పింది ఎవరురా?"

జవాను డప్పు వాళ్ల వైపు చెయ్యూపాడు. డప్పు మళ్లీ షురూ అయింది. దాని వెనక గల్లీ అంతా పార్కు వైపు కదిలాం. నాకైతే పెళ్లి ఊరేగింపులో నడిచినంత సంబరంగా ఉంది, కేసరిబాత్ గిన్నె కూడా చంకలోనే ఉంది. గేటు కిర్రుమంటూ తెరుచుకుంది. లోపల బాట మీద ఒక్క ఎండుటాకు లేదు. మూల చీపుర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒక చుట్టు తిరిగారు. సగం దూరంలో అత్తయ్య ఆగి అడిగింది. "నువ్వేటి, నాకంటే మెల్లగా నడుస్తన్నావు?"

"నాకు సుత మోకాళ్లు పోయినయమ్మా, వంగి వంగి. ఈ పార్కుల ఊడ్సుడే గాని ఒక్కపారి కూసోలే, నడువలే."

"అయితే రేపొద్దున్న వచ్చేయ్. ఇద్దరం నడుద్దాం."

నేను చక్కెర ఎక్కువైన కేసరిబాత్ పంచాను. ఎవరూ వంక పెట్టలేదు. ఆకులు, కప్పులు అన్నీ జవాను చూస్తుండగా చెత్త ఆటోలోకే వెళ్లాయి.

మర్నాడు ఆమె నిజంగానే వచ్చింది. ఖాళీ చేతులతో ఎలా నడవాలో తెలియనట్టు వాటిని వెనక్కి కట్టుకుంది. అత్తయ్య తాళం తీసింది. నేను తోడు వెళ్లాను. నాలుగడుగులు వేశారో లేదో బాట మధ్యలో గాలికి కొట్టుకొచ్చిన చిప్స్ కవరు కనిపించింది. ఆమె వెంటనే వంగబోయింది.

"వంగకు! నీకు సెలవు!" అని అత్తయ్య కసిరి, తనే వంగబోయి, మోకాలు పట్టుకుని ఆగిపోయింది.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను వంగాను.