ఎవరి కంచం వాళ్లే తీయాలి

ఆలూరు నర్సమ్మ చనిపోయిందని కిందటి బుధవారం నాకొక కార్డు వచ్చింది. రాసినది ఆ ఊరి పోస్టుమాస్టరు, చెప్పి రాయించినది దూది ఏకే కుళ్లాయమ్మ. అందులో ఉన్నవి మూడే సంగతులు. నర్సమ్మ పోయింది. మట్టి చేయడం కూడా అయిపోయింది. మా రత్నాన్ని తీసుకొనిపోవడానికి ఆమె మేనమామ ఆదివారం బండి కట్టుకొని వస్తానని కబురు పెట్టాడు, కాబట్టి నేను రావాలి.

ఈ వయసులో మరణవార్తలు కొత్త కావు. చదివి, మడిచి, కళ్లజోడు పెట్టె కింద పెట్టి, మళ్లీ పనిలో పడడం అలవాటయింది. ఈ కార్డును మాత్రం ఎక్కడ పెట్టాలో తోచక సాయంత్రం దాకా చేతిలోనే పట్టుకొని కూర్చున్నాను. మా కర్నూలుకు డేరాలు వేసుకొని రాజధాని వచ్చింది, మూటలు కట్టుకొని పోయింది. ఆ రాకపోకల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నర్సమ్మ గురించి ఎవరూ రాయరు. అలసటగా ఉన్నా నేనే రాయాలి.

ముప్పై ఏళ్లకు పైగా ఆమె ఆలూరులో కాన్పులు చేసింది. అందరు నర్సులూ బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, చేతులు కడుక్కొని వెళ్లిపోతారు. ఈమె తాను పట్టిన బిడ్డల్లో కొందరిని చివరిదాకా కనిపెట్టుకొని ఉంది. పుట్టగానే ఏడవనివాళ్లు, నాలుగేళ్లకు గాని నడవనివాళ్లు, పెద్దవాళ్లయినా పది దాకా లెక్కపెట్టలేనివాళ్లు. ఊళ్లో వాళ్లను పిలిచే పేర్లు నేనిక్కడ రాయను. ఆమె ‘నిదానం బిడ్డలు’ అనేది. అలాంటి బిడ్డకు తల్లిదండ్రులు పోయి, ఇక ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, పిలవకపోయినా వచ్చి ఆ ఇంటి గుమ్మం దగ్గర కూర్చునేది.

మా రత్నం ఆమె పట్టిన బిడ్డ. నా తమ్ముడి ఒక్కగానొక్క కూతురు. ఆలూరు దగ్గర మా పల్లెలో పెరిగింది. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. తమ్ముడు పోయిన రెండేళ్లకు మరదలు కూడా పోయింది. అప్పటికి రత్నానికి ఇరవై ఆరేళ్లు, ఆలూరు ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది. పెద్దదినం భోజనాలు ముగియగానే బంధువుల పంచాయతీ మొదలయింది. మేనమామ తన ఊరికి తీసుకొనిపోతానన్నాడు. చెడ్డవాడు కాడు. కాని ఆయన ఇంట్లో రత్నానికి దక్కేది పశువుల కొట్టం పక్కనున్న గది అని నాకు తెలుసు. ఇంకెవరో మద్రాసు పిచ్చాసుపత్రి పేరెత్తారు. నేను లేచి, కర్నూలులో నా ఇంట్లో ఉంటుందని ప్రకటించాను. మద్రాసులో కాలేజీ చదువు చదివి, పెళ్లి వద్దనుకొని, ముప్పై ఏళ్లు ఆడపిల్లల పాఠశాల నడిపి, ఎవరి చేతి కిందా బతకనిదాన్ని. నా మాటకు ఎదురుండదనుకొన్నాను.

గోడకానుకొని కూర్చున్న నర్సమ్మ తల ఎత్తింది.

“అందురూ చెప్తిరి. ఆ పిల్లని అడిగినారా?”

మేనమామ నవ్వాడు. “దాన్నేం అడుగుతావు నర్సమ్మా? అన్నం తింటివా అంటే తింటి అంటాది, తినలేదా అంటే తినలేదంటాది.”

“అది నిజమేలేప్పా. నోటితో అడిగితే మన మొగం జూసి, మనకేం గావాల్నో అదే చెప్తారు ఈ బిడ్డలు. పుట్టినప్పట్నుంచి మనం నేర్పిందే అది గదా. అందుకే నేను నోటి జవాబు అడగను.”

ఆమె అడిగే తీరు వేరు. ఆ వైపు కంచాన్ని తట్ట అంటారు. బిడ్డ తన తట్టను తానే గుడ్డలో కట్టుకొని ఒక్కొక్క ఇంటికి పోవాలి. ఒక సంత నుంచి మరుసటి సంత దాకా ఆ ఇంట్లో ఉండాలి. సంత నాడు నర్సమ్మ వచ్చి వాకిట్లో నిలబడి, “పోదామా?” అంటుంది. బిడ్డ తట్ట తీసుకొని బయటికి వస్తే అది తన ఇల్లు కాదు. తీసుకోకపోతే అదే ఇల్లు. నియమం ఒక్కటే: ఆ తట్టను ఇంటివాళ్లెవరూ ముట్టకూడదు. కడిగేదీ, దాచుకొనేదీ, తీసేదీ బిడ్డే.

మొదటి వారం మేనమామ ఇల్లు. సంత నాడు నర్సమ్మ వీధి మలుపు తిరిగేసరికే రత్నం తట్ట చంకన పెట్టుకొని వాకిట్లో నిలబడి ఉందట. నాకు లోలోపల సంతోషం కలిగిందని ఒప్పుకొంటున్నాను.

రెండో వారం నా ఇల్లు. రత్నం తెచ్చుకొన్నది సొట్టలు పడిన సత్తు తట్ట. నా తమ్ముడి బిడ్డ నా ఇంట్లో అందులో తినడమేమిటని మనసొప్పలేదు. మా అమ్మ నాటి కంచు కంచం తీసి, చింతపండుతో తోమించి, అందులో వడ్డించాను. సత్తు తట్టను బీరువాలో పెట్టి తాళం వేశాను. మోసం చేయాలని కాదు. ఈ మాట అయిదేళ్లుగా నాకు నేను చెప్పుకొంటూనే ఉన్నాను. ఆ వారమంతా రత్నం బుద్ధిగా ఉంది. కూర్చోమంటే కూర్చుంది, పలక ఇస్తే దిద్దింది. రోజుకు నాలుగైదుసార్లు వంటింటి గూళ్లన్నీ తడిమి చూసేది. అదొక అల్లరి అనుకొన్నాను.

నర్సమ్మ బస్సు దిగి, దుమ్ము దులుపుకొంటూ వచ్చి వాకిట్లో నిలబడింది. “పోదామా తల్లీ?”

రత్నం లేచింది. గూళ్ల వైపు చూసింది. మళ్లీ కూర్చుంది.

“చూశావా? కదలడం లేదు,” అన్నాను. బహుమతి గెలిచిన పిల్లలా అన్నాను.

నర్సమ్మ ఇల్లంతా ఒకసారి కలియజూసింది. “తట్ట యాడుండాది టీచరమ్మా?”

చెప్పాను. తీయమంది. బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోకముందే రత్నం చెయ్యి నా భుజం మీదుగా లోపలికి వచ్చింది. తట్టను గుండెకు హత్తుకొని, వెనక్కి చూడకుండా వాకిట్లోకి పోయి నిలబడింది.

“ప్రశ్నా నువ్వే రాస్తివి, జవాబూ నువ్వే రాస్తివి. ఇంగ పిల్ల ఏం రాయాల?” అంది నర్సమ్మ. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే పోట్లాడి ఉండేదాన్ని. తరువాత నా చేత కాఫీ పెట్టించుకొని, ఒక గుక్క తాగి, “తుంగభద్ర ఒడ్డున ఉండారని కాఫీలోకి గూడా ఏరు మళ్లిస్తారా టీచరమ్మా?” అంది. నేను నవ్వే స్థితిలో లేనని తెలిసే అంది.

మూడో ఇల్లు ఎవరి ఆలోచనలోనూ లేనిది. తల్లి ఆలూరు సంతకు తీసుకొనిపోయినప్పుడల్లా రత్నం ఒక వాకిలి ముందు ఆగిపోయేదని నర్సమ్మ ఒక్కతే గమనించింది. అది దూదేకుల కుళ్లాయమ్మ ఇల్లు. మగడు పోయాక ఆమె తానే విల్లు పట్టి, దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి బతుకుతోంది. ఆ వింటినారి మోగినప్పుడల్లా రత్నం కళ్లు మూసుకొని నవ్వేది. పాత దూదిలో నలకలు ఆమె ఏరినంత ఓపికగా మరెవరూ ఏరలేరని కుళ్లాయమ్మ తరువాత నాతో చెప్పింది.

రత్నం అక్కడ వారం ఉన్నాక, సంత నాడు నేనూ వెళ్లాను, మేనమామా వచ్చాడు. “పోదామా?” అంది నర్సమ్మ. రత్నం మా ముగ్గురినీ చూసింది. తిన్న తట్టను కడిగి, కొంగుతో తుడిచి, గోడగూట్లో బోర్లించి, దూది ముందు కూర్చుంది.

మేనమామ మండిపడ్డాడు. “దూదేకులోళ్ల ఇంట్లో మా అక్క బిడ్డా? నలుగురిలో తల యాడ పెట్టుకోవాల వదినా?”

“తట్ట ఆ పిల్లదే, చెయ్యీ ఆ పిల్లదే. నా కులం దాంట్లో యాడ అంటుకొంటాదప్పా?” అంది కుళ్లాయమ్మ, విల్లు దించకుండానే.

నర్సమ్మ నా వైపు తిరిగింది. “బొడ్డు తెంపింది నేను టీచరమ్మా. తెంపినాక ఆ మనిషి వేరు, మనం వేరు.”

ఓడినచోట నిలబడడం నాకు చేతకాదు. కాని బీరువా గుర్తుకొచ్చింది. “ఉండనీయప్పా,” అన్నాను మేనమామతో.

నర్సమ్మ అంతటితో వదలలేదు. ఏటేటా ఉగాది వెళ్లగానే ఆ ఇంటికి పోయి మళ్లీ అడిగేది. “ఒగసారి అడిగి ఊరుకొంటే అది అడిగినట్ల గాదు, వదిలించుకొన్నట్ల. మనం మనసు మార్చుకోమా?” అనేది. వేరే పల్లెలో ఒకామె మూడో ఏట మనసు మార్చుకొంటే, నర్సమ్మే మూట నెత్తిన పెట్టుకొని కొత్త ఇంటికి చేర్చింది. మొదటి ఇంటివాళ్లు తిట్టినంతసేపూ నిలబడి విని, “గొంతెండిపోయింటాది, ఇన్ని నీళ్లు తాగండమ్మా,” అన్నదట. ఎవరింటికి పోయినా తన సంచిలోని తన తట్టలోనే తినేది. తనకెవరూ లేరు. పింఛను తీసుకొన్నాక ఆసుపత్రి వెనక ఒక అద్దె గదిలో ఉండేది. అక్కడ ఉండాలని ఆమెకు ఉందో లేదో నేను ఏనాడూ అడగలేదు.

ఆదివారం రెండు బస్సులు మారి ఆలూరు చేరాను. ఎండకూ మోకాళ్ల నొప్పికీ కళ్లు తిరిగాయి. కుళ్లాయమ్మ నీళ్లిచ్చి, జరిగింది చెప్పింది.

“ఉగాది పోయినాక రత్నాన్ని అడగనీకి వచ్చినాది. జొరం శానా ఉండాది. పోతానని లేసింది. రత్నం ఆయమ్మ సంచిలోంచి తట్ట తీసి ఆయమ్మ చేతికే ఇచ్చి, గూడు దిక్కు చూపిచ్చింది. నర్సమ్మ తనే పోయి, గూట్లో బోర్లించింది టీచరమ్మా. ‘నన్నెవురూ అడగలేదు కుళ్లాయమ్మా, ఈ పిల్లే అడిగింది’ అన్న్యాది. మూడు వారాలు ఈడనే ఉండాది. ఈడనే పోయింది.”

అప్పుడే బండి వచ్చి ఆగింది. మేనమామ దిగాడు. ఆయనా ముసలివాడయ్యాడు. “వదినా, నర్సమ్మ పాయె. ఇంగ ఈ ఆట శాలు. పిల్లని పంపీ.”

“నన్నెందుకు అడుగుతావప్పా? అడగవలసినదాన్నే అడుగు,” అన్నాను.

ఆయన వాకిట్లో నిలబడి, భుజం మీది తువ్వాలు సర్దుకొని, ఏమనాలో తెలియక తడబడి, చివరికి నర్సమ్మ మాటే అన్నాడు. “పోదామా పాపా?”

రత్నం లేచి గూటి దగ్గరికి వెళ్లింది. తన తట్ట చేతిలోకి తీసుకొంది. నేను గుమ్మం పట్టుకొన్నాను. ఆమె దాన్ని కడిగింది. తుడిచింది. మళ్లీ బోర్లించింది. తరువాత నర్సమ్మ తట్ట తీసి, కడిగి, తుడిచి, దాని పక్కన బోర్లించింది. వచ్చి దూది ముందు కూర్చుంది.

“బండి ఊరికే తోలుకొస్తినే,” అని మేనమామ గొణుక్కొని, తెచ్చిన రెండు సొరకాయలు గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

నర్సమ్మ ఏటేటా అడిగే నిదానం బిడ్డలు ఆ చుట్టుపక్కల ఇంకా ఆరుగురు ఉన్నారని, ఊళ్ల పేర్లు కుళ్లాయమ్మ ఒక్కొక్కటే చెప్పింది. కార్డు వెనక రాసుకొన్నాను. వచ్చే ఉగాది దాకా నా మోకాళ్లు నిలవాలి.

ఆ పేర్లు రాసుకోవడం ముగించేసరికి రత్నం నా సంచి ముందు వేసుకొని లోపల తడుముతోంది. కళ్లజోడు పెట్టె తీసి పక్కన పెట్టింది. చీర తీసి పెట్టింది. సంచి అడుగుదాకా చూసి, తల ఎత్తింది.

“అత్తా, నీ తట్ట యాడ?”

కుళ్లాయమ్మ నాకు మోదుగాకులో రొట్టె పెట్టింది. తిన్నాను. బస్సు వేళయిందని లేచి, వీధిలోకి దిగి, ఒకసారి వెనక్కి చూశాను. రత్నం గూటి ముందు నిలబడి ఉంది. రెండు తట్టలనూ ఒక పక్కకు జరిపి, మిగిలిన జాగాను కొంగుతో తుడుస్తోంది.