కాలుతున్న మున్సిపాలిటీ భవనం

మా పక్క ఫ్లాట్ ఖాలా మొన్న శుక్రవారం పొద్దున పోయారు. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే వాళ్ళమ్మాయి తలుపు కొట్టింది. నా భుజం మీద తల ఆనించింది, అంతే.

ఖాలా అంటే అరబ్బీలో పిన్ని. ఆ వరస కలిపింది ఆవిడే. సూడాన్‌లో యుద్ధం వచ్చాక మస్కట్‌లో ఉన్న కూతురి దగ్గరికి చేరారు. నాకు వచ్చీరాని అరబ్బీ, ఆవిడకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు. మాకు సరిపోయేవి. సాయంత్రాలు ఎర్రగా, పుల్లగా ఉండే షర్బత్తు ఇచ్చేవారు. అది మన గోంగూర జాతి పువ్వుతో చేసిందని తెలిసిన రోజు, "మీరు ఆకు తింటారు, మేం పువ్వు తాగుతాం. మొక్కకి ఏ గొడవా లేదు" అన్నారు.

వాళ్ళ ముందు గదిలో బొగ్గుతో గీసిన బొమ్మ ఒకటుండేది. వాళ్ళ ఊరి పాత మున్సిపాలిటీ భవనం, కాలిపోతూ. పుట్టిన పిల్లల పేర్లు నమోదు చేసే ఉద్యోగం ఆవిడ అక్కడే చేశారు. అది అంటుకున్న రోజు ఎదురు డాబా మీద కూర్చుని గీశారట. పొగను వేలితో పులిమారు. కిటికీల్లో మంట ఉన్నచోట కాగితాన్ని తెల్లగా వదిలేశారు.

అది తీసేయమని కూతురు బతిమాలేది. ఆవిడ ఒప్పుకోలేదు. ఎందుకో ఒకసారి నాకు చెప్పారు.

"కళ్ళు మూసుకుంటే మంటే. అంతకుముందు ఎలా ఉండేదో గుర్తు రావడం లేదు. ఇదీ తీసేస్తే నా దగ్గర ఏం మిగులుతుంది? ఆ పాత రూపు గుర్తు రావాలని మీ దేవుణ్ణి కూడా అడుగు."

అడిగాను. రోజూ అడిగాను. ఆవిడ కొత్త కాగితం తీసి కూర్చునేవారు. గోడలు వచ్చేవి. కిటికీల దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోయేది.

దీపావళికి, మస్కట్‌కి దగ్గర్లోని బర్కా ఊరి నుంచి మా చెల్లెలు వచ్చింది. ఇద్దరం సున్నుండలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. ఆ ఇల్లు దానికి కొత్త. నేరుగా బొమ్మ దగ్గరికి నడిచింది.

"అక్కా, వీళ్ళకీ దీపావళి ఉందేంటే? ఒక్క కిటికీ వదల్లేదు, అన్నిట్లో దీపాలే. టపాకాయల పొగ కూడా వేశారు చూడు."

ఏమంటోందని ఖాలా అడిగారు. దాచేద్దామనుకున్నాను గానీ, ఆవిడ ముఖం చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అది ఏ బొమ్మో చెల్లెలికీ చెప్పాను. అది సిగ్గుతో తల ఎత్తలేదు.

ఖాలా చాలాసేపు బొమ్మనే చూశారు.

"ఈద్ ముందురోజు ప్రతి కిటికీలో లాంతరు పెట్టేవాళ్ళం," అన్నారు మెల్లగా. "పై అంతస్తులో నేనే పెట్టేదాన్ని."

నలభై దాటిన మా చెల్లెల్ని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టారు. "ఈ పిల్లకి కనిపించింది. నాకే కనిపించలేదు."

ఆ తర్వాత ఏం గీస్తున్నారో నేనడగలేదు. అడిగితే ఆగిపోతుందేమోనని భయం.

ఖననం అయ్యాక కూతురు నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. బల్ల మీద అదే భవనం. పొగ లేదు. పై అంతస్తు కిటికీలోంచి ఒక పడుచు నడుం దాకా బయటికి వంగి, ఒంటి చేత్తో లాంతరు సర్దుతోంది. రెండో చేత్తో, గాలికి ఎగిరిపోకుండా తల మీది ముసుగు పట్టుకుంది.