నా గొంతుతో భార్గవి అన్న మాట

చాలా ఏళ్లుగా గొంతులో ముల్లులా ఉన్నదాన్ని ఈరోజు తీసి మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది విడపనకల్లు దగ్గర పల్లె. శనక్కాయ పండించే కుటుంబం. నా కూతురు భార్గవికి ఆటిజం. చిన్నప్పుడు సొంతంగా మాట్లాడేది కాదు. విన్న మాటను, విన్న గొంతుతోనే, పదే పదే అనేది.

నేను సర్పంచి పదవికి నిలబడాలనుకున్న రోజుల్లో ఒక పార్టీ పెద్ద మా ఇంటికి వచ్చాడు. భార్గవి లోపలి నుంచి వచ్చి, చేతులు ఆడిస్తూ నన్ను ఆనుకొని నిలబడింది.

"ఎవురప్పా ఈ పాప?" అన్నాడాయన.

"కూలోళ్ల పిల్ల లేన్నా," అన్నాను.

తడబడనైనా లేదు. పరువు పోతుందని భయమా? ఓట్లు పోతాయనా? ఎంత తరిచి చూసుకున్నా ఒకటే తేలుతుంది: ఆ క్షణానికి అది నాకు సులువనిపించింది.

మర్నాటి నుంచి భార్గవి అదే మాట పట్టుకుంది. అన్నం తింటూ, ఊగుతూ, "కూలోళ్ల పిల్ల లేన్నా." అది నా గొంతే అయినా, నేనలా అని ఉంటానని ఊహించలేక, మా ఇంట్లో కూలికి ఉన్న మారెమ్మే ఆ మాట నేర్పిందని నా భార్య నమ్మింది. భార్గవిని పుట్టినప్పటి నుంచి సాకిన మనిషి మారెమ్మ. నా భార్య ఆమెను అందరి ముందూ తిట్టి పనిలోంచి పంపేసింది. నేను వాకిట్లోనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ తర్వాత చాలా రోజులు భార్గవి ఎవరు పెట్టినా సరిగా తినలేదు. గడప దగ్గరే కూర్చునేది. ఎన్నికల్లో నేను గెలవనూ లేదు.

ఇప్పుడు భార్గవి పెద్దదైంది. విత్తనం ఏరడంలో ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు. పుచ్చు గింజ ఆమె వేళ్లను దాటిపోదు. మొన్న ఒక రైతు మెచ్చుకుంటే, "నా కూతురు ఏరినాది," అన్నాను గర్వంగా. ఆ వెంటనే నన్ను నేనే అడిగాను. గింజలు ఏరడం రాకపోయుంటే నా కూతురని చెప్పుకునేవాడినా? గాలి వీస్తే నవ్వే పిల్ల, కావలసినదాని దగ్గరికి నా చేయి పట్టి నడిపించే పిల్ల, ఏ పనీ రాకపోయినా నిండు మనిషే. ఆనాడూ అంతే. ఇది ఇప్పుడు ఎవరి ముందైనా చెబుతాను.

నా భార్యకు నిజం చెప్పాను. "నాకు కాదు, మారెమ్మకు చెప్పు పో," అంది.

వెళ్లాను. మారెమ్మ వాకిట్లో చెట్నీకి మిరపకాయలు తుంచుతోంది. నేను చెప్పిందంతా వినింది.

"ఆ పొద్దు నేను ఆడనే ఉంటి. నా చెవులారా ఇంటి. చెప్తే ఎవురు నమ్ముతారని గమ్మునుంటి," అంది. తర్వాత తలెత్తి అడిగింది: "అయినా, కూలోళ్ల పిల్ల అంటే అంత తక్కువా అప్పా నీకు?"

ఆనాడు నేనన్న మాటలో రెండో తప్పు కూడా ఉందని అప్పుడే తెలిసింది. క్షమించానని ఆమె అనలేదు. అడిగే ధైర్యం నేనూ చేయలేదు. చెప్పాను, అంతే. ఇంటికి నడుస్తుంటే మాత్రం ఊపిరి కడుపు దాకా అందింది.