దించిన షట్టరు

మొగుడి పేరు ఒక్కసారి కూడా పలకకుండా ప్రమీలమ్మ నలభై రెండేళ్ళు కాపురం చేసింది. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పిన మాట ఆమెకు వేదం. రేషన్ కార్డు ఆఫీసులో భర్త పేరు అడిగితే, "ఏఎస్ పేట దర్గాలో ఉండే స్వామి పేరే" అనేది. గుమాస్తా తెలివిగలవాడైతే హజరత్తయ్య అని రాసుకునేవాడు. లేకపోతే వరుసలో వెనకున్న వాళ్ళెవరో ఆ పుణ్యం కట్టుకునేవాళ్ళు.

హజరత్తయ్య నెల్లూరు దగ్గర సంగంలో కాలువ మీద లస్కరుగా పనిచేశాడు. నీళ్ళు వదలడం, ఆపడం, గట్టుకు కాపలా కాయడం, అదీ ఉద్యోగం. ముప్పయ్యారేళ్ళు తూముల షట్టర్లు తిప్పి తిప్పి చేతులు కాయలు కాసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఊరు మాట్లాడినంతగా వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమె ఉంటే చాలు, ఆయనకు ఇల్లు నిండుగానే ఉండేది.

రిటైరైన నాలుగేళ్ళకు ప్రమీలమ్మ పులుసులో చింతపండు రెండుసార్లు పిసకడం మొదలుపెట్టింది. తర్వాత అసలు పిసకడమే మానేసింది. ఒకరోజు వీధి చివర కామాక్షి ఇంటికి వెళ్ళి, తిరిగొచ్చే దారి తెలియక ఎవరి అరుగు మీదో కూర్చుండిపోయింది. ఆ మర్నాడే హజరత్తయ్య ఆమెను నెల్లూరు తీసుకెళ్ళి మెదడు డాక్టరమ్మకు చూపించాడు.

స్కానింగులన్నీ అయ్యాక ఇది అల్జీమర్స్ అని తేల్చి, లోపల ఏం జరుగుతోందో ఆవిడ ఓపికగా చెప్పింది. కొత్త సంగతి గుర్తుండిపోవాలంటే మెదడు కణాలు కొత్త ప్రోటీన్లు తయారు చేయాలి. వంకర తిరిగిన పాత ప్రోటీన్లు పేరుకుపోతే కణం ఒత్తిడిలో పడుతుంది, తనను తాను కాపాడుకోవడానికి ఆ తయారీని ఆపేస్తుంది. ఒత్తిడి తీరితే మళ్ళీ మొదలుపెడుతుంది. ఈ జబ్బులో ఒత్తిడి తీరదు, ఆపింది ఆపినట్టే ఉండిపోతుంది. కణానికీ కణానికీ మధ్య ఉన్న దారులు ఎండిపోతాయి, చివరికి కణాలే చచ్చిపోతాయి. జబ్బుకు ఇదొక్కటే కారణం కాదు గానీ ఇదీ ఒక కారణమని పరిశోధనలు చేసేవాళ్ళు అనుకుంటున్నారట.

చదువుకున్నవాళ్ళు నాలుగుసార్లు చెప్పించుకునే ఆ సంగతి లస్కరుకు ఇట్టే అర్థమైంది. ఒక ఏడాది వరదలో కాలువ గట్టు తెగబోతుంటే షట్టర్లు దించింది ఆయనే. గట్టు నిలిచింది, ఊరు బతికింది. మళ్ళీ ఎత్తమన్న కబురు మాత్రం మూడు వారాలకు గానీ రాలేదు. ఈలోగా కాలువ చివరి పొలాల్లో పొట్ట మీదున్న వరి నిలువునా ఎండింది.

"ఆ షట్టరు ఎత్తే మందు ఉండాదా మేడం?" అని అడిగాడు.

దానికోసమే వెతుకుతున్నారనీ, ఇంకా దొరకలేదనీ, ఇప్పుడిచ్చే మాత్రలు కొంత సాయం మాత్రమే చేస్తాయనీ ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. బతుకంతా షట్టర్లు ఎత్తిన మనిషికి ఈ ఒక్కటీ చేతికందకుండా పోయింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో ఆయనకు తెలియలేదు.

చివర్లో డాక్టరమ్మ హజరత్తయ్యను చూపించి, ఈయన పేరేమిటని ప్రమీలమ్మను అడిగింది. ప్రమీలమ్మ కొంగు సర్దుకుని తల దించుకుని నవ్వింది. డాక్టరమ్మ జ్ఞాపకశక్తి పరీక్ష కాగితం మీద సున్నా వేసింది.

"అది మరుపు గాదు మేడం. నా పేరు ఆమె ఏ పొద్దూ చెప్పలేదు," అన్నాడు హజరత్తయ్య.

ఆవిడ సున్నా కొట్టేసి ఒక మార్కు వేసింది. ఆ ఒక్క మార్కునే ఆయన ఆస్తిలాగా ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే, నా పేరేందని అడిగేవాడు. ఆమె తల దించుకుని నవ్వేది. వారం పేరు పోయింది, పొయ్యి వెలిగించడం పోయింది, చీర కట్టుకోవడం పోయింది, ఆ నవ్వు మాత్రం ఉంది. ఆమె తన పేరు పలకనంత కాలం తను మొగుడేనని హజరత్తయ్య నమ్మకం. మిగతా రోజంతా ఆయన ఒక్కడే మాట్లాడాలి. సాయంత్రమయ్యేసరికి చెప్పేందుకు ఏమీ మిగిలేది కాదు. సాయానికి ఎవరినైనా పెట్టుకోమని కామాక్షి పోరితే, ఆమెకు తనున్నాడు గదా అనేవాడు.

మొన్న ఎండాకాలం నుంచి ఆ నవ్వు కూడా పలచబడింది. ఒకరోజు ఆమె పొద్దున్నుంచీ అన్నం ముట్టలేదు. ఆయన దగ్గర కూర్చుని కలిపి పెట్టబోతే బిత్తరపోయి జరిగింది. నేనేనే, నీ మొగుణ్ణే అంటే ఇంకా భయపడి గోడకు ఆనుకుపోయింది. మధ్యాహ్నం మళ్ళీ కంచం పెట్టాడు. ఆమె వాకిలి వైపు చూస్తూ అడిగింది.

"అన్నా, మా ఇంటాయన షట్టరు కాడ ఉండాడు. పొద్దన్నించీ ఏమీ తినలేదు. ఆయన తినకుండా నేనెట్ట తినేది? హజరత్తయ్య అంటే ఎవురైనా చెప్తారు. రవ్వంత చూసొస్తావా?"

ఆమె నోట తన పేరు వినడం ఆయనకు అదే మొదలు. ఎంత బాగా పలికిందో. ఆ పేరు గలవాడి కోసం పస్తుంటోంది, ఆ పేరు గలవాణ్ణే అన్నా అంటోంది. ఆమె మొగుణ్ణి మర్చిపోలేదు, ఆ మొగుడు మాత్రం ఇక తను కాడు. నేనేనని చెప్పడానికి నోరు తెరిచి, పొద్దుటి ఆమె భయం గుర్తొచ్చి ఆగిపోయాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. గోడ పక్కన నిలబడి కండువాతో నోరు మూసుకుని ఏడ్చాడు. కాసేపటికి ముఖం తుడుచుకుని లోపలికొచ్చాడు.

"తినినాడమ్మా," అన్నాడు. "నిన్ను గూడా తినమన్నాడు."

ప్రమీలమ్మ కుదుటపడి కంచం దగ్గరికి లాక్కుంది. ఆయన ఆమె పక్కన కూర్చోలేదు. ఒంటరిగా ఉన్న ఆడమనిషి అన్నం తింటుంటే పరాయి మగవాడు ఎక్కడ కూర్చోవాలో అక్కడ, వసారాలో, అటు తిరిగి కూర్చున్నాడు.