ఉప్పునీళ్ల సీసా

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఒక ఏడాది చదువు పోగొట్టుకుని, ఆలస్యంగా డాక్టరునైన వాణ్ణి. జనగామ వైపు ఒక చిన్న దవాఖానలో చేరేనాటికి నాకు తెలియనిది లేదన్నంత పొగరు. ఆపరేషన్ జరుగుతుంటే మత్తు ఇవ్వడం, చేతికి ఏ సీసా ఎక్కించాలో చూడడం నా పని.

ఒక మధ్యాహ్నం పాలకుర్తి దగ్గరి ఊరి నుంచి ఒక అవ్వ, కొడుకును బస్సు వెనక సీట్లో పడుకోబెట్టుకుని తెచ్చింది. పేగు మెలిపడి మూడు రోజులుగా వాంతులు. కళ్లు లోపలికి పోయాయి. ఒంట్లో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోయింది. ఇలాంటి వాళ్లకు ఉప్పునీళ్లే ఎక్కించాలి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అలమారలో సీసాలూ ఉన్నాయి.

మొదటిది తగిలిస్తుంటే అవ్వ తలుపు దగ్గరికొచ్చింది.

"ఏంది సారూ గది?"

"ఉప్పునీళ్లు అవ్వా."

"లేనోళ్లమని నా కొడుక్కు ఉప్పునీళ్లు పెడ్తవా? దొరోళ్ల పిలగానికి గ్లూకోజ్ ఎక్కిచ్చిండ్రట గదా! మాకూ గదే ఎక్కియ్యి."

ఆ రోజుల్లో గ్లూకోజ్ అంటే బలం. నీరసమన్న ప్రతివాళ్లూ అదే అడిగేవారు. కాదనకుండా ఎక్కించి, ఆ అలవాటు చేసింది మేమే. లోపల సర్జన్ తొందరపెడుతున్నారు. విడమరిచి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. నాకు విసుగొచ్చింది. సీసా మార్చేశాను. ఏమవుతుందిలే అని రెండోదీ, మూడోదీ గ్లూకోజే తగిలించాను.

పేగు సరిచేశారు, కుట్లు బాగానే పడ్డాయి. సాయంత్రానికి అతను తల్లిని గుర్తుపట్టలేదు. ఉప్పు లేని నీళ్లు మూడు సీసాలు పడేసరికి ఒంట్లో మిగిలిన ఉప్పూ పలచబడి, మెదడు వాచి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు పరుగెత్తుకెళ్లి ఉప్పునీళ్లు పెట్టాను. మర్నాడు పొద్దున పోయాడు.

"ఆలస్యంగా తెచ్చారు," అన్నారు సర్జన్. నేను తల ఊపాను. సిగ్గులేని ఆ తల ఊపు ఇప్పటికీ నన్ను తినేస్తుంది.

రెండు నెలలకు అవ్వ మళ్లీ వచ్చింది, ఆపరేషన్ కోసం వచ్చిన పక్కింటామెకు తోడుగా.

"గీ సారు మంచోడు," అని ఆమెకు చెబుతోంది. "నా కొడుక్కు ఉప్పునీళ్లు తీసేసి మూడు గ్లూకోజులు ఎక్కిచ్చిండు. వానికే ఆయుష్షు లేదు, సారేం జేస్తడు!"

నేను పక్కింటామెకు ఎక్కించడానికి ఉప్పునీళ్ల సీసా తీశాను. అదేందని అవ్వ అడిగితే అంతా చెప్పేద్దామని, దాన్ని ఆమెకు కనబడేలా పట్టుకుని నిలబడ్డాను.

అవ్వ చూసింది. "ఏది ఎక్కియ్యాల్నో సారుకు తెల్వదా," అని పక్కింటామె చెయ్యి నిమిరి, బయటికి పోయి కూర్చుంది.

నేను చెప్పలేదు.