బాగున్న కాలికి కట్టు

బెణికిన కాళ్లకు కట్లు కట్టడమే బతుకైన మాలీషు పెద్దాయనకు ఆరోజు చేతులు ఆడలేదు. బాస్కెట్‌బాల్ జట్టుకు ప్రాణంలాంటి కుర్రాడికి గుండె జబ్బని డాక్టరు తేల్చేశాడు. ఆ సంగతి పొక్కితే స్టేడియం ఖాళీ అవుతుందని కోచ్ భయం.

"చీలమండ బెణికిందని చెబుదాం. నలుగురికీ కనబడేలా కట్టవయ్యా!"

పెద్దాయన పళ్లు కొరుక్కుంటూ, నిక్షేపంలాంటి కాలికి కట్టు చుట్టాడు. చీలమండ దగ్గర నాడి ఆయన వేళ్లకింద తడబడుతూ కొట్టుకుంటోంది.

"గట్టిగా కట్టు బాబాయ్, అమ్మ వస్తోంది," అన్నాడు కుర్రాడు తల దించుకుని.

తల్లి వచ్చి కట్టును మెల్లగా నిమిరింది.

"కాలు నయమవుతుందా అన్నయ్యా?"

"కాలికేం ఢోకా లేదమ్మా."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అయినా ఆమె మొహం చూడలేక, బిగిసే ఉన్న కట్టును మళ్లీ బిగించాడు.