ఒక్కసారే చెప్పే ఇల్లు

మా ముత్తాత ఏడూళ్ళకు పటేల్. మా తాత ఇంటి ముందు టేకు కుర్చీలో కూర్చుని తగవులు తీర్చేవాడు. ఆయన గొంతు పెంచడం ఎవరూ ఎరగరు. ఒక్కసారి, నెమ్మదిగా చెప్పేవాడు. వినాల్సినవాళ్ళే ముందుకు వంగేవాళ్ళు. చెప్పిన మాట మళ్ళీ చెప్పడం మా ఇంట్లో చిన్నతనం.

నేను భోపాల్‌పట్నం దగ్గర ఒక ఊళ్ళో ప్రభుత్వ బడి పంతుల్ని. ఒకే గది, ఐదు తరగతులు, నేనొక్కణ్ణే. మాది హిందీ రాష్ట్రం, పుస్తకాలు హిందీలో ఉంటాయి. పిల్లల్లో సగం మందికి తెలుగు, మిగతావాళ్ళకు దోర్లీ అనే గిరిజన భాష. అందుకని ప్రతి పాఠం మూడుసార్లు చెప్పాలి. రేకుల మీద వాన పడుతుంటే మూడుసార్లూ అరవాలి. పదిహేడేళ్ళు అరిచాను.

పోయిన దసరా తర్వాత గొంతు పోయింది. గుసగుసగా చెప్పడం మొదలుపెట్టాను. అరుపు కంటే అది మర్యాదగా అనిపించింది. తాత కూడా మెల్లగానే మాట్లాడేవాడు కదా అనుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి ఆ గుసగుసా రాలేదు. స్వరపేటిక మీద కాయలు కట్టాయని వరంగల్ డాక్టర్ చెప్పాడు.

"గుసగుస అరుపు కంటే చేటు. నెల రోజులు మాటలు మానేయండి."

సెలవు చీటీ పట్టుకుని విద్యాశాఖ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా చదివి నవ్వాడు.

"కాలు ఇరిగిందా, చెయ్యి ఇరిగిందా? గొంతు బొంగురువోతే మహీనా ఛుట్టీ ఏంది గురూజీ? సంతల చేపలోళ్ళు నడుముకు మైకు కట్టుకుంటరు చూడు, అసోంటిది కట్టుకో."

జవాబు చెప్పడానికి గొంతు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదు. చీటీ బల్ల మీద పెట్టి వచ్చేశాను. సెలవు మంజూరు కాలేదు, జీతం ఆగింది. నా బదులు ఎవరినీ పంపలేదు. బడికి తాళం పడింది.

ఇంట్లో నేనొక్కణ్ణే. మాటలు మానడం కష్టమవుతుందనుకున్నాను, కాలేదు. బడి లేకపోతే నాతో మాట్లాడేవాళ్ళే లేరని మూడో రోజుకు తెలిసింది. సాయంత్రాలు తాత కుర్చీకి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఆ కుర్చీలో ఏనాడూ కూర్చోలేదు.

పదో రోజున, రెండో తరగతి పిల్ల తల్లి వచ్చి గడప అవతలే నిలబడింది.

"సారూ, బడి తెరుస్తవా, తెరువవా? ఎల్లుండి మిరపకాయలు ఏరనీకి గోదారి అవతలికి పోతున్నం. బడి ఉంటే పిల్లను మా అత్త కాడ ఇడిసిపోత. లేకుంటే తోలుకపోత."

పలక తీసుకుని, తెరుస్తానని రాసి చూపించాను.

"నాకు సదువొస్తదా సారూ? నోటితోటి చెప్పు."

"తెరుస్తాను," అన్నాను.

"ఏందీ?"

రెండోసారి చెప్పాను.

మర్నాడు సంతలో మైకు కొన్నాను. ఆ మరుసటి రోజు దాన్ని నడుముకు కట్టుకుని బడిలో అడుగుపెడితే, ఆ పిల్లే ముందు వరుసలోంచి, "సార్, చేపలు కిలో ఎంత?" అంది. తొమ్మిది మంది నవ్వారు. వచ్చింది ఆ తొమ్మిది మందే. మిగతావాళ్ళు అప్పటికే మిరపచేలకు వెళ్ళిపోయారు.

హిందీలో, తెలుగులో, దోర్లీలో మెల్లగా చెప్పాను. చివరి గోడదాకా వినిపించింది. ఎవరూ ముందుకు వంగలేదు.

వరంగల్ మందులకు, మైకుకు కలిపి తాత టేకు కుర్చీ అమ్మాను.